15-2 రికార్డు వెనుక ఏముంది: 2024 ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్‌లో అనూహ్య ఫలితాలు, కుదేలైన జట్లు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో అత్యున్నత లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంతకుముందు ఏడాది పట్టికను చూసి 2024 సీజన్‌ను అంచనా వేసినవారికి చాలా చోట్ల ఎదురుదెబ్బ తగిలింది. 2023లో నాలుగే ఆటలు గెలిచి పదమూడు ఓడిన వాషింగ్టన్ కమాండర్స్ ఈసారి పన్నెండు గెలిచి, ప్లేఆఫ్స్‌లో మరో రెండు గెలిచి, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కు ఒక్క అడుగు దూరంలో ఆగింది. 2024 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఆడి ఓవర్‌టైమ్‌లో ఓడిన శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ 6-11తో, అంటే ఆరు విజయాలు, పదకొండు ఓటములతో, నాలుగు జట్లుండే తన డివిజన్‌లో అట్టడుగున నిలిచింది. వరుసగా మూడో టైటిల్ కోసం బరిలోకి దిగిన కాన్సాస్ సిటీ చీఫ్స్ 15-2తో దూసుకుపోయి, 2025 ఫిబ్రవరి 9న న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన ఫైనల్లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ చేతిలో 40-22తో ఓడింది. ఆ రోజు విరామ సమయానికే స్కోరు 24-0 అయింది కాబట్టి, ఆ 40-22 కూడా అసలు తేడాను కొంత దాచిపెట్టిందనే చెప్పాలి.

వీటిని విడివిడిగా చూస్తే ప్రతిదీ ఒక వింతే. కలిపి చూస్తే మాత్రం ఒక విషయం స్పష్టమవుతుంది. గెలుపోటముల లెక్కలో రెండు వేర్వేరు సంగతులు విడదీయరానట్లు కలిసిపోయి ఉంటాయి. ఒకటి జట్టుకున్న అసలు బలం. రెండోది చివరి నిమిషాల్లో అటో ఇటో పడిన నాలుగైదు బంతుల ఫలితం. ఈ రెండింటినీ వేరు చేయకుండా ఒక జట్టు బాగుపడిందనో, పాడైపోయిందనో తీర్పు చెబితే మరుసటి ఏడాది ఆ తీర్పు తలకిందులయ్యే అవకాశం చాలా ఎక్కువ.

మొదటి కారణం ఆటల సంఖ్యలోనే ఉంది. అమెరికా బేస్‌బాల్ లీగ్‌లో ఒక జట్టు సీజన్‌కు 162 ఆటలు, బాస్కెట్‌బాల్ లీగ్‌లో 82 ఆటలు ఆడుతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 2021 నుంచి ఆ సంఖ్య 17. అంతకుముందు 16 మాత్రమే ఉండేది. ఆటగాళ్ల శరీరాలు వారానికి ఒకటికి మించి తట్టుకోలేవు కాబట్టి దీన్ని పెంచడం అంత తేలిక కాదు. 162 ఆటల్లో అదృష్టమూ దురదృష్టమూ చాలావరకు చెల్లుకు చెల్లు అయిపోతాయి, 17 ఆటల్లో అందుకు వ్యవధి ఉండదు. పైగా వీటిలో చాలా ఆటలు ఎనిమిది పాయింట్లలోపు తేడాతోనే ముగుస్తాయి. బంతిని ప్రత్యర్థి వైపు చివరన ఉండే ఎండ్ జోన్‌లోకి చేర్చే టచ్‌డౌన్‌కు ఆరు పాయింట్లు, ఆ వెంటనే దక్కే అదనపు ప్రయత్నంలో గరిష్ఠంగా రెండు, మొత్తం ఎనిమిది. అంటే వెనుకబడిన జట్టు బంతి చేతికొచ్చిన ఒకే ఒక్క అవకాశంలో సమం చేయగలిగే తేడా అన్నమాట. ఇలాంటి ఆటలనే అక్కడ ఒక స్కోరు తేడా ఆటలు అంటారు. ఒక జట్టు సీజన్ ఎలా ముగిసిందో చాలాసార్లు ఈ ఆటలే తేలుస్తాయి.

2024లో చీఫ్స్ ఇలాంటి ఆటలను ఎలా గెలిచిందో కాస్త దగ్గరగా చూడాలి. సెప్టెంబరు 5న తొలి ఆటలో బాల్టిమోర్ రేవెన్స్ ఆటగాడు ఐజయా లైక్లీ చిట్టచివరి బంతిని ఎండ్ జోన్‌లో అందుకున్నాడు. అంపైర్లు ముందు టచ్‌డౌన్ ఇచ్చారు. వీడియో సమీక్షలో అతని బూటు మొన గీతను తాకినట్లు తేలడంతో దాన్ని రద్దు చేశారు, 27-20తో చీఫ్స్ గెలిచింది. నవంబరు 10న 16-14తో వెనుకబడిన డెన్వర్ బ్రాంకోస్ సమయం ముగిసే క్షణంలో బంతిని స్తంభాల మధ్యకు తన్ని మూడు పాయింట్లు తెచ్చుకునే ఫీల్డ్ గోల్‌కు, 35 గజాల దూరం నుంచి, సిద్ధమైంది. ఈ స్థాయి కిక్కర్లకు ఆ దూరం దాదాపు నల్లేరుపై నడక. చీఫ్స్ డిఫెన్స్ ఆటగాడు లియో షెనాల్ అడ్డుగా నిలబడ్డవారి గోడను ఛేదించుకుని వచ్చి బంతిని చేత్తో ఆపేశాడు. నవంబరు 29న లాస్ వెగాస్ రైడర్స్ 19-17తో వెనుకబడి, గెలుపు కిక్ కొట్టగలిగే దూరానికి చేరాక, బంతి విసిరి దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ సిద్ధంగా లేని సమయంలో, అతనికి బంతి అందించే సెంటర్ దాన్ని వెనక్కి వదిలాడు. బంతి నేలపాలైంది, దాన్ని చీఫ్స్ దక్కించుకుంది. డిసెంబరు 8న లాస్ ఏంజలెస్ చార్జర్స్‌పై చీఫ్స్ కొట్టిన చివరి కిక్ ఎడమ స్తంభానికి తగిలి, బయటికి పోకుండా లోపలికి పడింది. స్కోరు మళ్లీ 19-17.

ఈ నాలుగింటిలో రెండు ఎదురు తిరిగి ఉన్నా 15-2 కాస్తా 13-4 అయ్యేది. ఐపీఎల్ పట్టిక చూసే మనకు నెట్ రన్ రేట్ అలవాటే. పాయింట్లు సమానమైనప్పుడు ఎవరు ఎంత తేడాతో గెలిచారన్నది చూస్తాం. ఎన్‌ఎఫ్‌ఎల్ విశ్లేషకులు కూడా అదే పని ఇంకొంచెం లోతుగా చేస్తారు. ఒక జట్టు సీజన్ మొత్తంలో చేసిన పాయింట్లు, ఇచ్చిన పాయింట్లు తీసుకుని, అలాంటి జట్టు మామూలుగా ఎన్ని ఆటలు గెలవాలో లెక్క కడతారు. బేస్‌బాల్ గణాంకాల పండితుడు బిల్ జేమ్స్ రూపొందించిన సూత్రాన్నే ఫుట్‌బాల్‌కు తగినట్లు మార్చి వాడతారు. చీఫ్స్ ఆ సీజన్‌లో 385 పాయింట్లు చేసి 326 ఇచ్చింది. ఈ సూత్రం ప్రకారం లెక్కిస్తే ఆ జట్టుకు రావాల్సిన విజయాలు పది మాత్రమే. అదే సీజన్‌లో, అదే 15-2 రికార్డుతో నిలిచిన డెట్రాయిట్ లయన్స్ 564 చేసి 342 ఇచ్చింది. పట్టికలో పక్కపక్కన ఒకే అంకెతో కనిపించే రెండు జట్ల మధ్య ఇంత దూరం ఉంది.

దీనికి చీఫ్స్ అభిమానులు చెప్పే సమాధానం బలహీనమైనదేమీ కాదు. చివరి నిమిషంలో గెలవడం కూడా నైపుణ్యమేనని, క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్, కోచ్ ఆండీ రీడ్ ఆ విద్యలో ఆరితేరినవారని వారంటారు. అందులో నిజం ఉంది. షెనాల్ కిక్‌ను ఆపడం గాలివాటం కాదు, ఎదుటి లైనులో బలహీనమైన చోటు ఏదో ముందే చూసుకుని కొట్టిన దెబ్బ. కాని లైక్లీ బూటు మొన గీత మీద పడటంలో గాని, స్తంభానికి తగిలిన బంతి ఎటు పడాలన్న దాంట్లో గాని ఎవరి నైపుణ్యమూ లేదు. నైపుణ్యం ఉన్న జట్టు ఇలాంటి ఆటల్లో సగం కంటే కొంచెం ఎక్కువ గెలుస్తుంది, అన్నీ గెలవదు. 2022లో మిన్నెసోటా వైకింగ్స్ ఒక స్కోరు తేడా ఆటలు పదకొండు ఆడి పదకొండూ గెలిచింది. మొత్తం రికార్డు 13-4. విచిత్రమేమిటంటే ఆ జట్టు చేసిన పాయింట్లు 424, ఇచ్చినవి 427. పదమూడు ఆటలు గెలిచిన జట్టు మొత్తం మీద ప్రత్యర్థుల కంటే తక్కువే స్కోరు చేసింది! ప్లేఆఫ్స్ తొలి ఆటలోనే సొంతగడ్డపై న్యూయార్క్ జెయింట్స్ చేతిలో 31-24తో ఇంటిదారి పట్టింది, మరుసటి ఏడాది 7-10కి పడిపోయింది. చీఫ్స్ విషయంలోనూ లెక్క తప్పలేదు. 2025లో దగ్గరి ఆటలు ఒక్కొక్కటే చేజారుతూ వచ్చాయి, డిసెంబరులో మహోమ్స్ మోకాలికి తీవ్ర గాయమైంది, ఆ జట్టు 6-11తో ముగించి ప్లేఆఫ్స్‌కే చేరలేదు.

ఒకే బంతి రెండు జట్ల కథను మలుపు తిప్పినట్లు కనిపించిన సందర్భం కూడా 2024లో ఉంది. అక్టోబరు 27న మేరీలాండ్‌లోని ల్యాండోవర్‌లో వాషింగ్టన్, షికాగో బేర్స్ తలపడ్డాయి. ఆట ముగియడానికి 25 సెకన్ల ముందు షికాగో 15-12తో ఆధిక్యంలోకి వచ్చింది. మిగిలింది చివరి బంతి. వాషింగ్టన్ కొత్త క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్, పక్కటెముకల గాయంతోనే ఆడుతూ, మీదికొస్తున్నవారిని తప్పించుకుని దాదాపు పదమూడు సెకన్ల పాటు అటూ ఇటూ పరుగెత్తి, చివరికి బంతిని ఆకాశంలోకి విసిరాడు. సరిగ్గా ఆ ప్రయత్నం మొదలయ్యే సమయానికి షికాగో డిఫెన్స్ ఆటగాడు టైరీక్ స్టీవెన్‌సన్ మైదానానికి వీపు పెట్టి ప్రేక్షకులను రెచ్చగొడుతున్నాడు. ఆలస్యంగా పరుగెత్తుకొచ్చి గుంపులోకి ఎగిరి బంతిని తాకాడు. అతని చేతికి తగిలిన బంతి వెనక్కి ఎగిరి, అందరికీ దూరంగా ఎండ్ జోన్‌లో నిలబడ్డ వాషింగ్టన్ ఆటగాడు నోవా బ్రౌన్ చేతుల్లో వాలింది. 52 గజాల టచ్‌డౌన్, 18-15తో వాషింగ్టన్ గెలుపు.

అప్పటికి నాలుగు గెలిచి రెండే ఓడిన షికాగో ఆ ఆటతో మొదలుపెట్టి వరుసగా పది ఓడింది. ఈ పది ఓటములకూ ఆ బంతే కారణమని చెప్పుకోవడం తేలిక. నాకు అది సరైన వివరణగా కనిపించదు. నవంబరులో గ్రీన్ బే చేతిలో చివరి క్షణంలో కిక్ అడ్డుపడి 20-19తోనూ, మిన్నెసోటా చేతిలో ఓవర్‌టైమ్‌లో 30-27తోనూ ఓడటంలో దురదృష్టం పాలు ఉందనుకుందాం. కాని అదే సీజన్‌లో ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ కేలబ్ విలియమ్స్, కళాశాల ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపికగా వచ్చిన కుర్రవాడు, బంతి వదలకముందే 68 సార్లు నేలకూలాడు. ముందు నిలబడి కాపాడాల్సిన లైను అంత బలహీనంగా ఉన్నప్పుడు ఏ ఆటా భద్రంగా గెలవలేరు, ప్రతి ఆటా చివరి బంతి దాకా వస్తుంది, చివరి బంతి దాకా వచ్చిన ఆటల్లో కొన్ని పోక తప్పదు. థ్యాంక్స్‌గివింగ్ పండుగ రోజు డెట్రాయిట్‌తో ఆటలో 23-20తో వెనుకబడి, గడియారాన్ని ఆపగలిగే టైమ్ఔట్ ఒకటి చేతిలో ఉంచుకుని కూడా, గడియారం కరిగిపోతుంటే చూస్తూ ఊరుకుని షికాగో ఓడింది. మరునాడే కోచ్ మ్యాట్ ఎబర్‌ఫ్లస్‌ను తొలగించారు. 1920లో పుట్టిన ఆ జట్టు సీజన్ మధ్యలో కోచ్‌ను తొలగించడం అదే మొదటిసారి.

వాషింగ్టన్ వైపు చూస్తే ఆ ఒక్క బంతితోనే వారి దశ తిరగలేదని అర్థమవుతుంది. 2023లో పాత యజమాని డాన్ స్నైడర్ నుంచి జోష్ హారిస్ బృందం 605 కోట్ల డాలర్లకు ఆ జట్టును కొనుక్కుంది. కొత్త జనరల్ మేనేజర్‌గా ఆడమ్ పీటర్స్, కొత్త కోచ్‌గా డాన్ క్విన్ వచ్చారు. 4-13తో అడుగున ఉన్నందుకు దక్కిన రెండో ఎంపికతో డేనియల్స్‌ను తీసుకున్నారు. ఇక్కడే లీగ్ నిర్మాణం సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ తలకిందులు కొంతవరకు కావాలని ఏర్పాటు చేసుకున్నవే.

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కింది స్థానాల్లో ఉన్న జట్లకు కళాశాలల నుంచి వచ్చే ఆటగాళ్లను ముందుగా ఎంచుకునే హక్కు ఉంటుంది. ప్రతి జట్టూ తన 17 ఆటల్లో మూడింటిని గత ఏడాది తనలాంటి స్థానంలోనే నిలిచిన జట్లతో ఆడుతుంది కాబట్టి చివరి స్థానంలో ఉన్నవారికి కాస్త సులువైన ప్రత్యర్థులు దొరుకుతారు. అన్నిటికంటే ముఖ్యమైనది జీతాల మీద ఉన్న పరిమితి. 2024లో ఒక్కో జట్టు ఆటగాళ్లకు ఇవ్వగల మొత్తానికి పరిమితి 25.54 కోట్ల డాలర్లు. యజమాని ఎంత ధనవంతుడైనా ఆ గీత దాటి తారలను కొనుక్కోవడానికి వీల్లేదు.

ఈ పరిమితి వల్ల క్వార్టర్‌బ్యాక్ జీతం జట్టు మొత్తం రూపాన్నే నిర్ణయిస్తుంది. 2011 నాటి కార్మిక ఒప్పందం కొత్త ఆటగాళ్ల తొలి జీతాలను కట్టడి చేసింది. డేనియల్స్ నాలుగేళ్ల ఒప్పందం మొత్తం కలిపినా నాలుగు కోట్ల డాలర్లకు లోపే. డాలస్ కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కు 2024 సెప్టెంబరులో కుదిరిన కొత్త ఒప్పందం సగటున ఏడాదికే ఆరు కోట్లు. డేనియల్స్ లాంటివాడు దొరికిన జట్టు మిగిలిన డబ్బుతో లైనును, డిఫెన్స్‌ను కట్టుకోవచ్చు. ప్రెస్కాట్ లాంటివాడి మీద పెట్టుబడి పెట్టిన జట్టు అతను గాయపడితే గాయం భారమూ జీతం భారమూ రెండూ మోయాలి. డాలస్‌కు జరిగింది అదే. వరుసగా మూడు సీజన్లు 12-5తో నిలిచిన ఆ జట్టు, నవంబరు మొదట్లో ప్రెస్కాట్ తొడ కండరం దెబ్బతిన్నాక తేరుకోలేక 7-10తో ముగించింది. కౌబాయ్స్ ప్రధాన కేంద్రం ఉన్న ఫ్రిస్కో, తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన డాలస్ శివారు పట్టణాల్లో ఒకటి. అక్కడ పెరుగుతున్న పిల్లలకు ఈ లెక్కలన్నీ కంఠస్థం.

గాయాల మాట వచ్చింది కాబట్టి శాన్ ఫ్రాన్సిస్కో పతనం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. జట్టుకు వెన్నెముకైన క్రిస్టియన్ మెకాఫ్రీ నాలుగు ఆటలే ఆడగలిగాడు, బంతి అందుకునే రిసీవర్ బ్రాండన్ అయూక్ మోకాలి లిగమెంట్ అక్టోబరులోనే తెగింది. డెట్రాయిట్‌ది ఇంకా బాధాకరమైన కథ. ఆ జట్టులో ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌ను వేటాడే ఏడన్ హచిన్‌సన్ కాలు అక్టోబరు 13న విరిగింది. తర్వాత డిఫెన్స్‌లో ఒకరి తర్వాత ఒకరు కూలిపోయారు. అయినా 15 ఆటలు గెలిచారు. జనవరిలో సొంత మైదానంలో, ఒక్క ఓటమితో అంతా ముగిసిపోయే ప్లేఆఫ్స్‌లో, అయిదుసార్లు బంతిని ప్రత్యర్థికి అప్పగించి వాషింగ్టన్ చేతిలో 45-31తో ఓడారు. సీజన్ మొత్తానికీ నిలకడగా ఆడిన జట్టేదని అడిగితే నేను ఈ జట్టు పేరే చెబుతాను. ఏడు ఆటల సిరీస్‌లు పెట్టే బాస్కెట్‌బాల్‌లో అయితే వారికి కోలుకునే వీలుండేది.

సిన్సినాటి బెంగాల్స్ మాత్రం వేరే పాఠం. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ జో బర్రో లీగ్‌లోనే అత్యధికంగా 4,918 గజాలు, 43 టచ్‌డౌన్లు విసిరాడు. బాల్టిమోర్‌తో రెండు ఆటల్లో 38, 34 పాయింట్లు చేసి కూడా 41-38తో, 35-34తో ఓడారు. చివరి అయిదు ఆటలూ గెలిచి 9-8కి చేరినా ప్లేఆఫ్స్ దక్కలేదు. దురదృష్టం కొంత ఉన్నా, అసలు లోపం ఎవరినీ ఆపలేని డిఫెన్స్.

ఇక ఏళ్ల తరబడి కుదేలై ఉన్న జట్ల సంగతి. లీగ్ ఇంతగా కిందివారిని పైకి లేపే ఏర్పాట్లు చేసినా కొన్ని జట్లు ఎందుకు లేవలేకపోతున్నాయన్నదే నన్ను ఎక్కువగా వేధించే ప్రశ్న. న్యూయార్క్ జెట్స్ 2010 సీజన్ తర్వాత ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. 2024లో క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రోజర్స్ లాంటి దిగ్గజంతో మొదలుపెట్టి, అయిదు ఆటలకే కోచ్ రాబర్ట్ సాలేను, నవంబరులో జనరల్ మేనేజర్ జో డగ్లస్‌ను తొలగించి, 5-12తో ముగించింది. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ 2022లో క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్ కోసం డ్రాఫ్ట్‌లో మూడు తొలి రౌండ్ ఎంపికలు వదులుకుని, 23 కోట్ల డాలర్లు పూర్తి హామీతో రాసిచ్చింది. 2024 అక్టోబరులో అతని మడమ స్నాయువు తెగేనాటికే అతని ఆట గాడి తప్పి ఉంది. జట్టు 11-6 నుంచి 3-14కు జారింది. ఆ ఒప్పందంలోని హామీ వల్ల తప్పు సరిదిద్దుకునే దారి కూడా మూసుకుపోయింది. న్యూయార్క్ జెయింట్స్ బంతి పట్టుకుని పరుగెత్తడంలో తన మేటి ఆటగాడైన సేక్వాన్ బార్క్‌లీని 2024 మార్చిలో పోనిచ్చింది. అతను తమ డివిజన్‌లోని ఫిలడెల్ఫియాలోనే చేరి 2,005 గజాలు పరుగెత్తి, టైటిల్ గెలిచిన జట్టుకు ఇంజనయ్యాడు. జెయింట్స్ 3-14తో మిగిలింది.

ఆ జెయింట్స్ డిసెంబరు 29న ఇండియానాపోలిస్‌పై 45-33తో గెలిచి, డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపికకు దూరమైంది. అది కావాలని ఓడిపోవాల్సిన ఆట అని వాదించినవారున్నారు. మైదానంలో ఉన్నవారికి ఆ వాదన వర్తించదు. తర్వాతి ఏడాది ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని ఆటగాడు, తన స్థానంలోకి రాబోయే కుర్రవాడి కోసం ఎందుకు ఓడతాడు?

ఎవరు నిజంగా కుదేలయ్యారు, ఎవరు లేవబోతున్నారు అన్నది పాయింట్ల లెక్క కూడా అన్నిసార్లూ చెప్పలేదు. 2024లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్, జాక్సన్‌విల్ జాగ్వార్స్, లాస్ వెగాస్ రైడర్స్ మూడూ 4-13తోనే ముగించాయి. మూడూ చేసినదానికంటే వందకు పైగా పాయింట్లు ఎక్కువ ఇచ్చాయి. మూడూ కోచ్‌లను మార్చాయి. 2025లో పేట్రియట్స్ 14-3, జాగ్వార్స్ 13-4, రైడర్స్ 3-14. పేట్రియట్స్‌కు తొలి ఒప్పందంలోనే ఉన్న యువ క్వార్టర్‌బ్యాక్ డ్రేక్ మే అప్పటికే ఉన్నాడు. అందువల్ల మిగిలిన డబ్బును కొత్త కోచ్ మైక్ వ్రేబల్ రాకతో డిఫెన్స్ మీద కుమ్మరించగలిగారు. జాగ్వార్స్‌కు క్వార్టర్‌బ్యాక్‌గా ట్రెవర్ లారెన్స్ ఉన్నాడు, అతనికి సరిపడే పథకాలు గీయగల కోచ్ లియమ్ కోయెన్ దొరికాడు. రైడర్స్‌కు అప్పటికి సొంతంగా పెంచుకున్న క్వార్టర్‌బ్యాక్ లేడు. పీట్ కారల్‌ను కోచ్‌గా తెచ్చుకుని, ముప్పై నాలుగేళ్ల జీనో స్మిత్‌ను సియాటిల్ నుంచి కొని తెచ్చుకున్నారు. ఒక్క సీజన్ తిరిగేసరికి కారల్‌నూ పంపించేసి, డ్రాఫ్ట్ వరుసలో మొట్టమొదట నిలబడ్డారు.